హార్డ్ డిస్క్ పోతోంది: 38 జీబీ డేటా ఉన్న పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేయకుండా రెండు పార్టిషన్లు చేయాలి

#1 కొత్తమొగ్గ

వివరాలన్నీ ముందే రాస్తున్నా, మళ్లీ మళ్లీ అడిగించుకోకుండా.

లాప్‌టాప్ పాతది. 8 జీబీ ర్యామ్, లోపల 1 టీబీ హార్డ్ డిస్క్. ఆన్ చేయగానే బయోస్ స్మార్ట్ హెచ్చరిక (డిస్క్ చెడిపోతోందని) చూపిస్తోంది. విండోస్ లోగో దగ్గరే గుండ్రాలు తిరుగుతూ ఆగిపోతోంది. టకటక శబ్దం లేదు.

పెన్‌డ్రైవ్ 64 జీబీది, విండోస్‌లో 57.6 జీబీ అని చూపిస్తుంది. అందులో 38 జీబీ ఫోటోలు, పొలం కాగితాల స్కాన్లు ఉన్నాయి. వీటికి రెండో కాపీ ఎక్కడుందంటే, ఆ పోతున్న డిస్క్‌లోనే.

పెన్‌డ్రైవ్ చివర ఓ 10 జీబీ విడగొట్టి దాన్నుంచి లైనక్స్ బూట్ చేసి, డిస్క్‌లో మిగిలింది లాగుదామని ఆలోచన. వేరే పెన్‌డ్రైవ్ లేదు. విండోస్ 11 లాప్‌టాప్ ఒకటి ఒక్క రోజుకి దొరుకుతుంది. ఫార్మాట్ చేయకుండా కుదురుతుందా?

#2 సెక్టార్‌సున్నా

కుదురుతుందో లేదో రెండు విషయాలు తేలిస్తే గానీ చెప్పలేమండీ: పెన్‌డ్రైవ్ మీద ఉన్న ఫైల్ సిస్టమ్ (ఫైళ్లను అమర్చే పద్ధతి) ఏది, అసలు దాని మీద పార్టిషన్ టేబుల్ (డ్రైవ్‌ను ఏయే భాగాలుగా విడగొట్టారో రాసుకునే పట్టిక) ఉందా లేదా.

మొదటిది తేలిక. విండోస్‌లో డ్రైవ్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్. అక్కడ ఏముందో దాన్నిబట్టి దారి మారుతుంది.

ఫ్యాట్32 అయితే జీపార్టెడ్ (పార్టిషన్లు మార్చే లైనక్స్ ప్రోగ్రాం) చివరి వైపు నుంచి కుదించగలదు. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్ మాత్రం కుదించలేదు, ష్రింక్ ఆప్షన్ బూడిద రంగులోనే ఉంటుంది.

ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే రెండూ కుదించగలవు.

ఎక్స్‌ఫ్యాట్ అయితే విండోసూ చేయదు, జీపార్టెడూ చేయదు. డేటా బయటికి తీసి మళ్లీ వేసుకోవడమే.

64 జీబీ డ్రైవ్ 57.6 చూపడంలో మోసమేమీ లేదు. తయారీదారు జీబీ అంటే వంద కోట్ల బైట్లు. విండోస్ లెక్కలో 1 జీబీ 1,07,37,41,824 బైట్లు. 64 వందల కోట్లను దాంతో భాగిస్తే 59.6 వస్తుంది. మిగతా కాస్త కంట్రోలర్ తన అవసరాలకు పక్కన పెట్టుకుంటుంది.

ఈలోగా ఆ లాప్‌టాప్‌ను పదేపదే ఆన్ చేసి చూడకండి. బూట్ అవడానికి విండోస్ చేసే ప్రతి ప్రయత్నమూ చెడిన సెక్టార్ల (డేటా ఉండే చిన్న చిన్న గడుల) మీద హెడ్‌ను మళ్లీ మళ్లీ తిప్పడమే. చెక్‌డిస్క్ తనంతట తాను మొదలైతే మరీ ప్రమాదం. అది ఫైల్ సిస్టమ్‌ను చక్కబెట్టడానికి పోతున్న డిస్క్ మీదే రాస్తుంది.

#3 కొత్తమొగ్గ

ఫ్యాట్32 అని ఉందండీ.

#4 గుంటూరు_మిర్చి

అయితే అసలు పార్టిషన్ ఎందుకు బాబూ? ఫ్యాట్32, 19 జీబీ ఖాళీ. బూట్ కావడానికి అది చాలు.

యూఈఎఫ్‌ఐ (బయోస్‌కు కొత్త రూపం) ఉన్న లాప్‌టాప్ ఫ్యాట్32 డ్రైవ్‌లో ఈఎఫ్‌ఐ అనే ఫోల్డర్, దాని లోపల బూట్ ఫోల్డర్, అందులో బూట్‌ఎక్స్64 ఫైలు ఉన్నాయా అని వెతుకుతుంది. దొరికితే దాన్ని నడుపుతుంది, అంతే. కాబట్టి జీపార్టెడ్ లైవ్ వాళ్ల సైటు నుంచి ఐఎస్‌ఓ (డిస్క్ మొత్తాన్ని ఒకే ఫైలుగా చేసిన నకలు) కాకుండా జిప్ ఫైలు దించుకుని, పెన్‌డ్రైవ్ మొదటి స్థాయిలోనే విప్పండి, ఫోటోల ఫోల్డర్ల పక్కనే. జిప్ పేరుతో ఇంకో ఫోల్డర్ తయారై దానిలోకి విప్పుకుంటే బూట్ అవదు. పదిమందిలో తొమ్మిదిమంది ఇక్కడే తప్పు చేస్తారు.

రూఫస్, ఎచర్, డీడీ లాంటివాటి జోలికి మాత్రం పోవద్దు. అవి బూట్ డ్రైవ్ తయారుచేసే ప్రోగ్రాంలు; డ్రైవ్‌ను కొత్తగా ఫార్మాట్ చేస్తాయి, లేదా ఐఎస్‌ఓను మొదటి సెక్టార్ నుంచి రాసుకుంటూ పోతాయి. పార్టిషన్ టేబులూ పోతుంది, ఫ్యాట్ పట్టికలూ పోతాయి. అలాంటిదే ఇంకో ప్రోగ్రాం వెంటాయ్‌లో డేటా ఉంచి ఇన్‌స్టాల్ చేసే ఆప్షన్ ఒకటుంది గానీ, ఉన్న ఒకే ఒక్క కాపీ మీద ప్రయోగించాల్సింది కాదు.

#5 బెంచి_మీద

మిర్చి గారు చెప్పింది నిజమే. రెండు చేర్పులు.

సెక్యూర్ బూట్ (గుర్తింపు ఉన్న సిస్టమ్‌నే బూట్ కానిచ్చే సెట్టింగ్) అడ్డుపడితే మీ పాత లాప్‌టాప్‌లో ఆపేసుకోండి, నష్టం లేదు. ఆ అరువు విండోస్ 11 లాప్‌టాప్‌లో మాత్రం బయోస్ సెట్టింగులు ముట్టుకోకండి. దానిలో బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్ అయి ఉంటే, సెక్యూర్ బూట్ మార్చాక 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ ఎక్కడుందో యజమానికే తెలియని సందర్భాలు కోకొల్లలు.

రెండోది: జీపార్టెడ్ లైవ్ బదులు సిస్టమ్‌రెస్క్యూ అనే లైనక్స్ వాడదలిస్తే ఉత్తినే విప్పితే చాలదు. అది తన ఫైళ్లు ఏ డ్రైవ్‌లో ఉన్నాయో డ్రైవ్ లేబుల్ చూసి కనిపెడుతుంది. బూట్ మెనూ సెట్టింగ్ ఫైల్లో ఉన్న లేబుల్‌నే అక్షరం తేడా లేకుండా పెన్‌డ్రైవ్‌కు పెట్టాలి. లేకపోతే సగం బూట్ అయి, డ్రైవ్ దొరకలేదని ఆగిపోతుంది.

#6 నల్లతెర

బూట్‌కు పార్టిషన్ అక్కర్లేదు, ఒప్పుకుంటా. కానీ తర్వాత జరగబోయే పనికి రెండో పార్టిషన్ ఉంటేనే మంచిది. ఎందుకో చెప్తా.

పోతున్న డిస్క్ నుంచి లాగడానికి వాడేది డీడీరెస్క్యూ. అది ఎక్కడిదాకా చదివిందో, ఏ ముక్క చదవలేకపోయిందో మ్యాప్‌ఫైల్ అనే చిన్న ఫైల్లో రాసుకుంటుంది. మధ్యలో ఆగినా ఆ ఫైలు ఉంటే ఆగిన చోటి నుంచే మొదలవుతుంది. లైవ్ లైనక్స్‌లో (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచేది) దాన్ని హోమ్ ఫోల్డర్‌లో పెడితే అది ఉండేది ర్యామ్‌లో. రీస్టార్ట్ చేయగానే మాయం. పన్నెండు గంటలు చదివిన డిస్క్‌ను మళ్లీ మొదటి నుంచి చదివించాలి. పోతున్న డిస్క్‌కు అంతకంటే కీడు లేదు. ఫ్యాట్32 మీద పెట్టొచ్చు గానీ దానికి జర్నల్ (చేయబోయే మార్పులను ముందే రాసుకునే చిట్టా) లేదు. హఠాత్తుగా ఆగితే ఫైలు సున్నా బైట్లు అయిపోవచ్చు. లైనక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4తో చిన్న పార్టిషన్ ఒకటి ఉంటే ఈ బెడద తగ్గుతుంది.

విడగొట్టే పద్ధతి ఇదీ. వరుస మార్చకండి.

జీపార్టెడ్ లైవ్ బూట్ మెనూలో మామూలు ఆప్షన్ కాదు, "టు ర్యామ్" అని ఉన్నది ఎంచుకోవాలి. లేకపోతే సిస్టమ్ నడిచేదే ఆ పెన్‌డ్రైవ్ మీద, మౌంట్ అయి (తెరిచి వాడకంలో) ఉన్న పార్టిషన్‌ను కుదించనివ్వదు. కూర్చున్న కొమ్మను నరుక్కోవడం అన్నమాట. 8 జీబీ ర్యామ్‌కు ఇది ఇబ్బందే కాదు.

టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొట్టి ఏది పెన్‌డ్రైవో, ఏది హార్డ్ డిస్కో సైజు, మోడల్ చూసి రాసుకోండి. లైనక్స్ డ్రైవ్‌లకు పెట్టే పేర్లు మారుతుంటాయి: ఈసారి ఎస్‌డీబీ అయినది వచ్చేసారి ఎస్‌డీఏ కావచ్చు.

ఎస్‌ఎఫ్‌డిస్క్‌కు డంప్ ఆప్షన్ ఇచ్చి పార్టిషన్ టేబుల్‌ను టెక్స్ట్‌గా తీసి, ఫోన్‌తో ఫోటో కొట్టుకోండి. ఎంబీఆర్ (పాత రకం పార్టిషన్ టేబుల్) మొత్తం 64 బైట్లే: నాలుగు పార్టిషన్లు, ఒక్కోదానికి 16 బైట్లు. పొరపాటున పోయినా అదే మొదలు, అదే పొడవు మళ్లీ రాస్తే డేటా ఎక్కడిదక్కడే ఉంటుంది.

తర్వాత ఎఫ్‌ఎస్‌సీకే డాట్ ఫ్యాట్‌ను మైనస్ ఎన్‌తో నడపండి. అది చూస్తుందే గానీ మార్చదు. చెప్పకుండా పీకేసిన పెన్‌డ్రైవ్‌లలో డర్టీ బిట్ (సరిగ్గా మూయలేదన్న గుర్తు), యజమాని లేని క్లస్టర్లు (ఏ ఫైలుకూ చెందని ముక్కలు) కనిపిస్తాయి. తప్పులుంటే కుదించడం అక్కడే ఆపాలి, ముందు డేటా బయటికి.

శుభ్రంగా ఉంటే జీపార్టెడ్‌లో రీసైజ్. కొత్త సైజు 47,104 ఎంఐబీ, అంటే 46 జీఐబీ (విండోస్ లెక్కలో జీబీ అనేది ఇదే). 38కి పైన 8 ఊపిరాడే చోటు. "ముందు ఖాళీ" అనే గడిలో ఉన్న అంకె మారకూడదు, సాధారణంగా అది 1. అది మారిందంటే పార్టిషన్ మొదలు జరుగుతున్నట్టు. అప్పుడు 38 జీబీనీ ఒక్కొక్క బ్లాకుగా పక్కకు మోయాలి, మధ్యలో కరెంటు పోతే సగం ఇటు, సగం అటు. తోక కత్తిరించాలి, తల కదపకూడదు. మిగిలిన 11,800 ఎంఐబీ చిల్లరలో ఈఎక్స్‌టీ4.

#7 విండోస్_వీధి

లైనక్స్ అంటే భయం ఉన్నవాళ్లకు విండోస్ దారి కూడా ఉంది, ఎవరూ చెప్పరెందుకో. ఫ్యాట్32ను డేటా పోకుండా ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా మార్చే కన్వర్ట్ కమాండ్ విండోస్‌లోనే ఉంది. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ముందు చెక్‌డిస్క్ స్లాష్ ఎఫ్, తర్వాత కన్వర్ట్, డ్రైవ్ అక్షరం, స్లాష్ ఎఫ్‌ఎస్ కోలన్ ఎన్‌టీఎఫ్‌ఎస్. లేబుల్ అడిగితే ఉన్నదున్నట్టు కొట్టాలి. అయ్యాక డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ష్రింక్ వాల్యూమ్ వెలుగుతుంది. 10,240 ఎంబీ అని ఇచ్చి, వచ్చిన ఖాళీలో ఫ్యాట్32 పార్టిషన్ చేసి, దానిలో జీపార్టెడ్ జిప్ విప్పడమే.

తీసివేయగల డ్రైవ్ మీద రెండో పార్టిషన్ కనిపించడం విండోస్ 10 వెర్షన్ 1703 నుంచి వచ్చింది. అంతకు ముందువి మొదటి పార్టిషన్‌ను మాత్రమే చూపేవి.

#8 గుంటూరు_మిర్చి

> డేటా పోకుండా ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా మార్చే కన్వర్ట్

వెనక్కి రావడానికి కమాండ్ లేదని కూడా రాయాలిగా వీధి గారూ. ఇంట్లో టీవీ, కారు స్టీరియో, కెమెరా ఎన్‌టీఎఫ్‌ఎస్ చదువుతాయన్న హామీ లేదు. పైగా మీరు ముందు నడపమన్న చెక్‌డిస్క్ స్లాష్ ఎఫ్, యజమాని లేని క్లస్టర్లను ఫౌండ్ ఫోల్డర్‌లో సీహెచ్‌కే ఫైళ్లుగా మార్చి పడేస్తుంది. ఫోటో పేరూ పోయింది, ఫోల్డరూ పోయింది. బ్యాకప్ లేని డ్రైవ్ మీద అది మొదటి అడుగు కాకూడదు.

#9 విండోస్_వీధి

ఒప్పుకుంటున్నా. చెక్‌డిస్క్‌ను ముందు ఏ స్లాషూ లేకుండా నడిపితే చూసి చెబుతుందంతే, మార్చదు. తప్పులేం లేవంటేనే కన్వర్ట్.

#10 కొత్తమొగ్గ

జిప్ విప్పాను, బూట్ అయింది, టు ర్యామ్ ఎంచుకున్నాను. జీపార్టెడ్‌లో పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే ఒకే వరుస కనిపిస్తోంది. పేరు ఎస్‌డీబీ అనే ఉంది. పార్టిషన్ అయితే ఎస్‌డీబీ1 అని ఉండాలి కదా, ఆ 1 లేదు. ఎఫ్‌డిస్క్‌తో చూస్తే మాత్రం నాలుగు పార్టిషన్లు చూపిస్తోంది, వాటిలో ఒకటి 900 జీబీ పైనే! 64 జీబీ డ్రైవ్‌లో అదెలా? ఏదీ నొక్కలేదు, ఆగాను.

#11 సెక్టార్‌సున్నా

ఆగి మంచి పని చేశారు. #2లో రెండో ప్రశ్న అడిగింది దీనికోసమే.

మీ పెన్‌డ్రైవ్ మీద పార్టిషన్ టేబుల్ లేదు. ఫ్యాట్32 నేరుగా సున్నా సెక్టార్ నుంచే మొదలైంది, పాత ఫ్లాపీల్లాగా. సూపర్‌ఫ్లాపీ అంటారు దీన్ని. పార్టెడ్ కమాండ్‌తో చూస్తే పార్టిషన్ టేబుల్ దగ్గర "లూప్" అని చూపుతుంది.

ఎఫ్‌డిస్క్ చూపిన నాలుగూ దయ్యాలు. ఎంబీఆర్‌లో పార్టిషన్ టేబుల్ ఉండేది 446వ బైటు నుంచి, చివర 55 ఏఏ అనే సంతకం. ఫ్యాట్32 బూట్ సెక్టార్‌కూ చివర అదే సంతకం ఉంటుంది, కానీ 446 దగ్గర ఉండేది బూట్ కోడు, "డిస్క్ తీసి ఇంకోటి పెట్టండి" తరహా సందేశాల అక్షరాలు. ఎఫ్‌డిస్క్ ఆ అక్షరాలను అంకెలుగా చదివి 900 జీబీ అంటోంది. లైనక్స్ కెర్నల్ (సిస్టమ్ మూలభాగం) అది ఫ్యాట్ బూట్ సెక్టార్ అని గుర్తుపట్టి వాటిని పట్టించుకోలేదు. అందుకే ఎల్‌ఎస్‌బీఎల్‌కేలో ఎస్‌డీబీ ఒక్కటే.

"తప్పు టేబుల్ ఉంది, సరిచేస్తా" అని ఎఫ్‌డిస్క్‌లో ఆ నాలుగూ తీసేసి కొత్తది రాసి ఉంటే? సున్నా సెక్టార్ మీదే దెబ్బ. అక్కడే ఫ్యాట్ తాలూకు కొలతలన్నీ ఉంటాయి: క్లస్టర్ ఎంత, పట్టిక ఎక్కడ. ఫ్యాట్32 దాని నకలు ఒకటి 6వ సెక్టార్‌లో పెట్టుకుంటుంది కాబట్టి టెస్ట్‌డిస్క్ అనే రికవరీ ప్రోగ్రాంతో వెనక్కి తెచ్చుకోవచ్చు, కానీ ఆ పరిస్థితి దాకా పోవడం దేనికి.

#12 కొత్తమొగ్గ

అంటే కుదించడం కుదరదా?

#13 సెక్టార్‌సున్నా

కుదించినా లాభం లేదండీ. ఖాళీ అయిన చోట రెండో పార్టిషన్ ఉందని రాసుకోవడానికి పట్టిక ఉండాలి కదా, అదే లేదు.

#14 నల్లతెర

బూట్ కోడు స్థానంలో టేబుల్ ఇరికించే ట్రిక్కు ఒకటుంది. ఫ్యాట్ కొలతలు మొదటి 90 బైట్లలోపే అయిపోతాయి కాబట్టి 446 దగ్గర చోటు నిజంగానే దొరుకుతుంది. ఒక్కో సిస్టమ్ ఒక్కోలా చదువుతుంది దాన్ని. ఆసక్తి కోసం చెప్పానంతే, చేయమని కాదు. #6లో నేను రాసింది టేబుల్ ఉన్న డ్రైవ్‌లకే వర్తిస్తుంది, ఇక్కడ పక్కన పెట్టండి.

#15 బెంచి_మీద

మంచిదే అయింది. ఆ 38 జీబీకి నమ్మదగ్గ రెండో కాపీ లేకుండా ఏ పద్ధతీ మొదలుపెట్టకూడదు. అరువు లాప్‌టాప్‌లో 40 జీబీ ఖాళీ ఉంటే పని అయిపోయినట్టే.

లెక్క చూసుకోండి. మామూలు పెన్‌డ్రైవ్ సెకనుకు 25 ఎంబీ చదివిందనుకుంటే 38 జీబీకి 26 నిమిషాలు. తిరిగి రాసేటప్పుడు 8 ఎంబీ అనుకుంటే గంటా ఇరవై నిమిషాలు. వేల చిన్న ఫోటోలుంటే ఇంకా మెల్లగా సాగుతుంది. ఒక్క రోజు ధారాళంగా సరిపోతుంది. డెస్క్‌టాప్ అయితే ముందు వైపు పోర్టులు వదులుగా ఉంటాయి, వెనక వైపు పెట్టండి. లాప్‌టాప్ అయితే స్లీప్‌లోకి పోకుండా సెట్టింగ్ మార్చండి.

#16 విండోస్_వీధి

కాపీకి ఎక్స్‌ప్లోరర్ వద్దు. ఒక ఫైలు దగ్గర ఎర్రర్ వస్తే ఆగి మీ జవాబు కోసం కూర్చుంటుంది. విండోస్‌లోనే ఉన్న రోబోకాపీ కమాండ్ వాడండి: స్లాష్ ఈ ఖాళీ ఫోల్డర్లతో సహా అన్నీ తెస్తుంది, స్లాష్ ఆర్ కోలన్ 1, స్లాష్ డబ్ల్యూ కోలన్ 1 ఇస్తే చదవలేని ఫైలు దగ్గర ఒక్కసారే మళ్లీ ప్రయత్నించి ముందుకు పోతుంది. ఇవి ఇవ్వకపోతే పది లక్షల సార్లు, ప్రతిసారీ 30 సెకన్ల విరామంతో! చివర్లో వచ్చే పట్టికలో "ఫెయిల్డ్" గడి సున్నా ఉండాలి.

ఫోల్డర్ల తేదీలు కూడా కావాలంటే స్లాష్ డీకాపీ కోలన్ టీ. తిరిగి ఫ్యాట్32 మీదికి తెచ్చేటప్పుడు స్లాష్ ఎఫ్‌ఎఫ్‌టీ కలపండి. ఫ్యాట్ టైమును రెండు సెకన్ల అంగల్లోనే రాస్తుంది, ఎన్‌టీఎఫ్‌ఎస్ అంతకంటే చాలా సూక్ష్మంగా రాస్తుంది. అది కలపకపోతే రెండోసారి నడిపినప్పుడు మారని ఫైళ్లు కూడా మారాయనుకుని మళ్లీ కాపీ చేస్తుంది.

#17 ఓటీజీ_బాబు

లాప్‌టాప్‌లో చోటు లేకపోతే ఫోన్ ఉందిగా. ఓటీజీ కేబుల్‌తో పెన్‌డ్రైవ్‌ను నేరుగా ఫోన్‌కే పెట్టి కాపీ చేసుకోవచ్చు, ఫ్యాట్32ను ఆండ్రాయిడ్ చదువుతుంది. ఒకే హెచ్చరిక: ఫోన్ ఫైల్ మేనేజర్లు చాలావరకు కాపీ చేసినప్పుడు ఫైలు తేదీని ఇవాళ్టిగా మార్చేస్తాయి. ఫోటో లోపల కెమెరా రాసిన తేదీ పోదు గానీ, స్కాన్లకు, వాట్సాప్ ఫోటోలకు ఆ లోపలి తేదీ ఉండదు. తేదీలు ముఖ్యమైతే ముందు లాప్‌టాప్‌లో జిప్ చేసి ఫోన్‌కు పంపండి. పెద్ద జిప్పుల్ని తిరిగి ఫ్యాట్32 మీద పెట్టేటప్పుడు 4 జీబీ హద్దు గుర్తుంచుకోండి. ఒక్క ఫైలు 4,29,49,67,295 బైట్లకు మించకూడదు, ఒక్క బైటు ఎక్కువైనా సరే.

#18 గుంటూరు_మిర్చి

జిప్ అంటే గుర్తొచ్చింది. తెలుగు పేర్లున్న ఫైళ్లుంటే జాగ్రత్త, ఇక్కడ ఇంగ్లీషు గైడ్లు చదివితే తెలియని గుంటలు మూడున్నాయి.

ఒకటి: లైనక్స్‌లో పార్టిషన్‌ను చేత్తో మౌంట్ చేస్తే iocharset=utf8 ఆప్షన్ ఇవ్వాలి. లేకపోతే "పొలం పాస్‌బుక్" కాస్తా ప్రశ్నార్థకాల వరుస అయిపోవచ్చు. ఆ పేరుతోనే కాపీ చేస్తే అవతల కూడా ప్రశ్నార్థకాలే. డెస్క్‌టాప్ ఫైల్ మేనేజర్‌లో క్లిక్ చేసి తెరిస్తే అదే చూసుకుంటుంది.

రెండు: ఫ్యాట్32, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లలో పేరుకు 255 అక్షర యూనిట్లు. ఈఎక్స్‌టీ4లో 255 బైట్లు. తెలుగు అక్షర సంకేతం ఒక్కోటి యూటీఎఫ్8లో 3 బైట్లు, అంటే 85 సంకేతాలే. ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కకొస్తాయి. "స్త్రీ" ఒక్కటే ఆరు సంకేతాలు, 18 బైట్లు. పొడుగాటి శీర్షికతో ఉన్న పీడీఎఫ్ విండోస్‌లో బాగానే ఉండి, ఈఎక్స్‌టీ4కు కాపీ చేయబోతే "పేరు మరీ పొడుగు" అని తిరస్కరించబడుతుంది. లాగ్ చూడకపోతే ఆ ఫైలు రాలేదన్న సంగతే తెలియదు.

మూడు: ఫ్యాట్ టైములో ఏ దేశపు గడియారమో ఉండదు. లైవ్ లైనక్స్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక టైములో) నడుస్తూ ఫ్యాట్ నుంచి ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు కాపీ చేస్తే, తర్వాత మన విండోస్‌లో ఫైళ్ల టైము 5 గంటల 30 నిమిషాలు ముందుకు జరిగి ఉంటుంది. సాయంత్రం 6:30 తర్వాతివి మర్నాటి తేదీలోకి పోతాయి. ఈ కాపీ విండోస్‌లో చేయమన్నది అందుకే.

#19 కొత్తమొగ్గ

రోబోకాపీ అయింది. ఫెయిల్డ్ సున్నా. ఇక ఫార్మాట్ చేసేయొచ్చా?

#20 నల్లతెర

ఇంకా లేదు. రోబోకాపీ సైజూ తేదీ చూస్తుంది, లోపలి బైట్లు పోల్చదు. పవర్‌షెల్‌లో గెట్ ఫైల్‌హ్యాష్‌తో రెండు వైపులా షా256 హ్యాష్‌ల (ఒక్కో ఫైలుకు వేలిముద్రలాంటి సంకేతం) జాబితాలు తీసి పోల్చండి. పెన్‌డ్రైవ్ జాబితా తీసే ముందు దాన్ని ఎజెక్ట్ చేసి, తీసి, మళ్లీ పెట్టండి. లేకపోతే ఇందాక చదివినదాన్ని మెమరీలోంచే చూపించి మోసం చేయొచ్చు. రెండు జాబితాలు కలిస్తే అప్పుడు ఫార్మాట్.

#21 బెంచి_మీద

ఫార్మాట్ ముందు ఇంకొక్క పని. డ్రైవ్ ఎలాగూ ఖాళీ చేస్తున్నారు కదా, దాని అసలు సామర్థ్యం పరీక్షించండి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లైనక్స్‌లో ఎఫ్3. రెండూ ఖాళీని నింపి తిరిగి చదువుతాయి. 8 ఎంబీ వేగంతో 57 జీబీ నింపడానికి రెండు గంటలు, చదవడానికి ఇంకో 40 నిమిషాలు. నకిలీ డ్రైవ్‌లో 16 జీబీ చిప్ పెట్టి 64 అని చెప్పించి ఉంటారు. నిండేదాకా బాగానే నడుస్తుంది, హద్దు దాటాక రాసిందంతా గాలికి. డ్రైవ్ చివర్లో పెట్టిన ఈఎక్స్‌టీ4 "పాడైంది" అని వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని ఇవే.

పరీక్ష మధ్యలో డ్రైవ్ రీడ్ ఓన్లీ అయిపోతే దాన్ని సాఫ్ట్‌వేర్‌తో బాగుచేసే ప్రయత్నం వద్దు. చెడిన బ్లాకులకు బదులుగా ఇవ్వడానికి కంట్రోలర్ దగ్గర ఇంకేం మిగల్లేదని అర్థం. వేరేది కొనాల్సిందే.

#22 కొత్తమొగ్గ

హ్యాష్‌లు కలిశాయి, హెచ్2టెస్ట్‌డబ్ల్యూ తప్పుల్లేవంది. కొత్త పార్టిషన్లు ఎలా వేయాలి? ఎంబీఆరా, జీపీటీనా?

#23 సెక్టార్‌సున్నా

ఎంబీఆర్. జీపీటీ (కొత్త రకం టేబుల్) వల్ల లాభం 2 టీబీ దాటినప్పుడో, నాలుగు పార్టిషన్లు మించినప్పుడో. మీకు రెండూ లేవు. టీవీలకు, పాత కారు స్టీరియోలకు ఎంబీఆరే తెలుసు.

జీపార్టెడ్ ఉన్నది ఈ పెన్‌డ్రైవ్‌లోనే కాబట్టి మళ్లీ టు ర్యామ్‌తో బూట్ చేయాలి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ కోసం మొత్తం తుడిచేసి ఉంటే, జిప్‌ను మళ్లీ విప్పుకోండి. డివైస్ మెనూలో కొత్త పార్టిషన్ టేబుల్, ఎంఎస్‌డాస్ రకం. మొదటి పార్టిషన్ ఫ్యాట్32, ముందు 1 ఎంఐబీ ఖాళీ, సైజు 49,152 ఎంఐబీ. డేటా, జీపార్టెడ్ ఫైళ్లు రెండూ దానిలోనే. రెండోది మిగిలిందంతా ఈఎక్స్‌టీ4, 9 జీబీ పైచిలుకు. డేటాది మొదట పెట్టడం కావాలనే: పాత విండోస్‌కూ, చాలా టీవీలకూ మొదటిదే కనిపిస్తుంది. ఇది విండోస్‌లో చేయబోతే 32 జీబీ దాటిన పార్టిషన్‌కు ఫార్మాట్ పెట్టెలో ఫ్యాట్32 అనే మాటే కనబడదు, జీపార్టెడ్‌కు ఆ పట్టింపు లేదు.

టేబుల్ రాశాక పెన్‌డ్రైవ్‌లో బూట్ ఫైళ్లు ఉండవు, ర్యామ్‌లో నడుస్తున్నదే ఆఖరు. షట్‌డౌన్ చేసి, అరువు లాప్‌టాప్‌లో జిప్ విప్పి, డేటా తిరిగి కాపీ చేయండి. అరువు లాప్‌టాప్‌లోని కాపీని మాత్రం హార్డ్ డిస్క్ పని పూర్తయ్యేదాకా తుడవొద్దు. ఇవ్వాల్సి వస్తే ముందు ఫోన్‌లోకి మార్చుకోండి.

#24 నల్లతెర

తర్వాత హార్డ్ డిస్క్. 1 టీబీ ఇమేజ్ అంటే 931 జీఐబీ ఒకే ఫైలు, పెన్‌డ్రైవ్‌లో పట్టదు. 2 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ కావాలి, ఫ్యాట్32 కాని ఫైల్ సిస్టమ్‌తో. ముందు డిస్క్ ఆరోగ్యం చూపే స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌తో 5, 197, 198 నంబర్ల వరుసలు చూడండి: బదులు వేసిన సెక్టార్లు, చదవలేక వాయిదా పడ్డవి, ఎంత ప్రయత్నించినా రానివి. డేటా రాకపోకల తప్పులు లెక్కపెట్టే 199 ఒక్కటే పెరిగి మిగతావి సున్నా అయితే తప్పు డిస్క్‌ది కాకపోవచ్చు, కేబుల్ మార్చి చూడాలి.

మొదటి విడత డీడీరెస్క్యూకు మైనస్ డీ, మైనస్ ఎన్. తేలిగ్గా వచ్చేవన్నీ ముందు తెస్తుంది, మొండి చోట్లను దాటేస్తుంది. మ్యాప్‌ఫైల్ పెన్‌డ్రైవ్‌లోని ఈఎక్స్‌టీ4లో. రెండో విడత అదే మ్యాప్‌ఫైల్‌తో మైనస్ ఎన్ తీసేసి, మైనస్ ఆర్ 3. సెకనుకు 80 ఎంబీ వస్తే మూడున్నర గంటలు, చెడ్డ ప్రాంతాలుంటే రోజులు. ఫైళ్లు వెతకడం, టెస్ట్‌డిస్క్ నడపడం అన్నీ ఇమేజ్ మీదే. ఫోటోరెక్ ఆఖరి మార్గం, అది ఫైళ్లు తెస్తుంది గానీ పేర్లూ ఫోల్డర్లూ తేదు.

మధ్యలో టకటక మొదలైతే వెంటనే ఆపేయండి. అది హెడ్ సమస్య, సాఫ్ట్‌వేర్ పని అయిపోయింది. ఫ్రిజ్‌లో పెట్టే చిట్కా కూడా వద్దు, బయటికి తీయగానే ప్లాటర్ల మీద తేమ పడుతుంది.

#25 కొత్తమొగ్గ

డీడీరెస్క్యూ మొదటి విడత నడుస్తోంది, 61 శాతం. ఇంకో చిన్న సందేహం. పెన్‌డ్రైవ్‌ను విండోస్‌లో పెట్టినప్పుడల్లా రెండు డ్రైవ్ అక్షరాలు వస్తున్నాయి, రెండోదానికి "వాడే ముందు ఫార్మాట్ చేయాలి" అని పెట్టె తెరుచుకుంటోంది. పాడైందా?

#26 విండోస్_వీధి

పాడవలేదు, విండోస్‌కు ఈఎక్స్‌టీ4 చదవడం రాదంతే. క్యాన్సిల్ నొక్కండి. ఇంట్లో ఇంకెవరైనా పొరపాటున సరే అనకుండా, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ రెండో పార్టిషన్ మీద రైట్ క్లిక్ చేసి డ్రైవ్ అక్షరం తీసేయండి. ఇది ఆ ఒక్క కంప్యూటర్‌కే వర్తిస్తుంది, వేరేదాంట్లో పెడితే పెట్టె మళ్లీ వస్తుంది.